క్లిక్ వింటే పారిపోయే ఎలుకకు ఎలా నేర్పాలి

ప్రశ్న ఇది: రెండు నెలల వయసున్న రెండు ఆడ ఎలుకలు ఇంటికొచ్చి పది రోజులైంది. కుక్కలకు నేర్పడానికి వాడే, నొక్కితే 'టక్' మనే క్లిక్కర్ కొని నొక్కితే గూట్లో దూరి అరగంట దాకా బయటికి రావడం లేదు. ట్రీట్ ఇస్తే నోట కరుచుకుని పారిపోతున్నాయి, మళ్లీ రావు. పేరు పిలిస్తే రావాలి, చేతిలోకి ఎక్కాలి, రింగులోంచి దూకాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఎలుకలు మొండివి కావు, పిరికివీ కావు. శబ్దం పెద్దదైంది, ట్రీట్ కూడా పెద్దదైంది. ఈ రెండూ ఇవాళే సరిదిద్దుకోవచ్చు. అయితే రింగు సంగతి నాలుగైదు వారాల తర్వాత చూద్దాం. అంతకుముందు వాటికి నేర్పాల్సినవి ఇంకా ముఖ్యమైనవి ఉన్నాయి.

ముందు శబ్దం. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాటితే ఏమీ వినిపించదు. ఎలుకకు 80,000 వరకు వినిపిస్తుంది. క్లిక్కర్‌లోని ఇనుప రేకు వంగినప్పుడు మనం వినే 'టక్'తో పాటు మనకు అందని కీచు కూడా పుడుతుంది. జానెడు దూరంలో నొక్కితే ఎలుకకు అది చెవి పక్కన టపాకాయ పేలినట్టే. కాబట్టి ఆ క్లిక్కర్ పక్కన పెట్టేసి, నొక్కితే మెత్తగా 'టిక్' అనే బాల్ పెన్ను తీసుకోండి. నాలుకతో అంగిట కొట్టే 'టక్' కూడా బాగుంటుంది, పైగా రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. క్లిక్కరే వాడాలనుకుంటే చేతిరుమాలులో మూడు నాలుగు మడతలు చుట్టి జేబులో ఉంచి నొక్కండి. ఏదైనా ఒకటే ఎంచుకోండి. ఇంట్లో ఒకరు పెన్ను, ఇంకొకరు నాలుక వాడితే ఎలుకకు అయోమయం.

ఆ శబ్దానికి ఒక్కటే అర్థం ఉండాలి: 'ఇదిగో, ఇప్పుడు చేశావే అదే సరి, తిండి వస్తోంది.' ఎలుక చేసే పని అర సెకను కూడా ఉండదు. ముక్కు ఆనించి తీసేస్తుంది. మనం తిండి తీసి అందించేలోపు అది వెనక్కి తిరిగి మీసాలు దువ్వుకుంటూ ఉంటుంది, తిండి దువ్వుకోవడానికి ఇచ్చినట్టవుతుంది. ఆ మధ్య ఖాళీని పూడ్చేది ఈ చిన్న శబ్దమే. అందుకే శబ్దం ముందు, చెయ్యి తర్వాత. కొత్తగా నేర్పేవాళ్లలో ఎక్కువమంది పొరపాటు ఇక్కడే జరుగుతుంది: పెన్ను నొక్కుతూనే రెండో చెయ్యి డబ్బాలో పెడతారు. అప్పుడు ఎలుక చేతిని చూసి నేర్చుకుంటుంది, శబ్దాన్ని పట్టించుకోదు. నొక్కండి, ఒక క్షణం ఆగండి, అప్పుడు చెయ్యి కదపండి.

ఇక ట్రీట్ సైజు. నోట పట్టేంత పెద్ద ముక్క దొరికితే ఎలుక దాన్ని అక్కడే తినదు, భద్రమైన చోటికి మోసుకుపోయి దాస్తుంది లేదా తింటుంది. చిన్న పలుకైతే నిలబడ్డచోటే తినేస్తుంది. మీ ఎలుకలు పారిపోతున్నది మీ మీద భయంతో కాదు, సరుకు దాచుకోవడానికి. ట్రీట్ బియ్యపు గింజంత ఉండాలి, రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. ఓట్స్ ఒక్క రేకు, మరమరంలో సగం, పుట్నాల పప్పు బద్దలో నాలుగో వంతు, ఉడికించిన గుడ్డు తెల్లసొన తునక, ఉడికిన బఠాణీలో చిన్న ముక్క సరిపోతాయి. అయినా పట్టుకుపోతుంటే నాకించే తిండికి మారండి: స్టీలు చెంచా కొసన పులుపు లేని పెరుగు, మెత్తగా మెదిపిన అరటిపండు. నాకేది మోసుకుపోవడం కుదరదు కాబట్టి ఎలుక చెంచా దగ్గరే ఉంటుంది. కొత్త ఎలుకలకు మొదటి రెండు వారాలు చెంచానే మేలు.

వేలితో మాత్రం నాకించకండి. ముఖ్యంగా కేజ్ ఊచల మధ్య నుంచి వేలు దూర్చి తిండి ఇవ్వకండి. ఊచల్లోంచి వచ్చేదల్లా తిండే అని ఎలుక అనుకుంటుంది, రేపు ఖాళీ వేలు వచ్చినా అదే నమ్మకంతో కొరుకుతుంది. అది కోపంతో కొరకడం కాదు, మనమే నేర్పిన పాఠం.

తిండి విషయంలో కొన్ని జాగ్రత్తలు. ఎలుక వాంతి చేసుకోలేదు, దాని శరీరంలో ఆ ఏర్పాటే లేదు. కాబట్టి గొంతుకు అడ్డం పడే చిక్కటి పీనట్ బటర్ ముద్దలు, జిగురు మిఠాయిలు వద్దు. పచ్చి రాజ్మా విషం. బూజు వాసన వచ్చే వేరుశనగలు, ఉప్పు కారం పట్టించిన చిరుతిళ్లు, చాక్లెట్ పెట్టకండి. మగ ఎలుకలున్నవాళ్లు నారింజ, బత్తాయి తొక్కలు అందనివ్వకండి, తొక్కలోని నూనె వాటి మూత్రపిండాలకు చేటు. పెద్ద ఎలుక రోజుకు 15 నుంచి 20 గ్రాములు తింటుంది. ట్రీట్లు అందులో పదో వంతు, అంటే 2 గ్రాములు దాటకూడదు. పొద్దున్నే చిన్న డబ్బాలో 2 గ్రాములు తూచి పెట్టుకోండి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజు పాఠం అయిపోయినట్టే.

ఎప్పుడూ చూడని తిండిని పాఠంలో మొదటిసారి పెడితే ఎలుక వాసన చూసి వదిలేస్తుంది. కొత్త తిండిని అనుమానించడం దాని జాతి లక్షణం, ఒక్క కొస కొరికి చూసి ఒంటికి పడిందో లేదో తేలేదాకా ఆగుతుంది. ముందు రెండు రోజులు ఆ తిండిని గిన్నెలో కాస్త వేసి అలవాటు చేయండి.

'ఆకలి మీద ఉంటే త్వరగా నేర్చుకుంటాయి కదా, ఒక పూట మాన్పిద్దామా' అని చాలామంది అడుగుతారు. వద్దు. ప్రయోగశాలల్లో ఎలుక బరువును మామూలులో 85 శాతానికి తగ్గించి పని చేయించే పద్ధతి ఉంది. అది రోజూ తూచుతూ, పర్యవేక్షణలో చేసేది. మీవి రెండు నెలల పిల్లలు, ఎదిగే వయసు. సాయంత్రం గిన్నె నింపే ముందు పాఠం పెట్టుకుంటే చాలు. కావాలంటే గంట ముందు గిన్నె తీయండి. నీళ్లు ఎప్పుడూ తీయకూడదు.

వేళ కూడా ముఖ్యమే. ఎలుకలు పగలు పడుకుంటాయి, చీకటి పడ్డాక చురుగ్గా ఉంటాయి. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య మంచి సమయం. మన దగ్గర ఎండాకాలం పాఠాలు తెల్లవారుజాముకో, రాత్రి పదింటి తర్వాతకో మార్చండి. ఎలుకకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వేడిని వదలడంలో తోకది ముఖ్యమైన పాత్ర. గదిలో 30 డిగ్రీలు దాటితే నీరసపడుతుంది. ఒళ్లు చాపి నేలకు అతుక్కుని పడుకుంటే పాఠం ఆపి, తడిబట్టలో చుట్టిన చల్లటి నీళ్ల సీసా పక్కన పెట్టండి. పాఠం చెప్పే గదిలో దోమల కాయిల్, అగరొత్తుల పొగ ఉండకూడదు. వీటి ఊపిరితిత్తులు చాలా సున్నితం.

ఇప్పుడు చెయ్యి. దీన్ని తొందరపెడితే మొదటికే మోసం. మొదటి మూడు రోజులు మీరు వాడిన పాత కాటన్ బట్ట ముక్క గూట్లో వేసి ఉంచండి, మీ వాసన వాటి ఇంటి వాసన అవుతుంది. తర్వాత కేజ్ తలుపు తీసి అరచెయ్యి వెల్లకిలా గడప మీద పెట్టండి. చెంచాను వేళ్ల దగ్గర కాదు, మణికట్టు వైపు పట్టుకోండి. చెంచా అందుకోవాలంటే ఎలుక ముందుకాళ్లు మీ అరచేతి మీద వేయక తప్పదు. అప్పుడు దాని వెనక కాళ్లు చూడండి. ఒళ్లు రబ్బరులా సాగదీసి, వెనక కాళ్లు మాత్రం కేజ్ నేలకు అంటించి పెడుతుంది. 'ఏమైనా జరిగితే ఒక్క గెంతులో లోపలికి' అని దాని లెక్క. ఆ దశలో చెయ్యి కదలకూడదు, వేళ్లు మూయకూడదు. నాకనివ్వండి, వెళ్లిపోతే వెళ్లనివ్వండి. రెండు మూడు రోజుల్లో ఒక వెనక కాలు, తర్వాత రెండోది చేతి మీదికి వస్తాయి. నాలుగు కాళ్లూ వచ్చి స్థిమితంగా నాకుతున్నప్పుడు, చేతిని రెండు సెంటీమీటర్లు లేపండి, ఒక సెకను ఆగి మళ్లీ అక్కడే దించండి, దించాక ఇంకోసారి నాకించండి. ఈ దించడమే అసలు పాఠం. లేచిన చెయ్యి మళ్లీ దిగుతుందని తెలిసిన ఎలుక చెయ్యి చూసి పారిపోదు.

పట్టుకోక తప్పనప్పుడు రెండు చేతులతో, ఒకటి ఛాతీ కింద, ఒకటి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తండి. తోక పట్టి ఎత్తకూడదు. తోక కొసన చర్మం తొడుగులా ఊడి వచ్చేస్తుంది, అది మళ్లీ మొలవదు.

చెయ్యి అలవాటవుతుండగానే శబ్దానికి అర్థం చెప్పడం మొదలుపెట్టొచ్చు. పెన్ను నొక్కండి, చెంచా ఇవ్వండి. ఎలుక ఏం చేసినా చేయకపోయినా సరే. ఒక విడతకు పది పన్నెండు సార్లు, రోజుకు రెండు విడతలు, రెండు మూడు రోజులు. పరీక్ష ఏమిటంటే, అది వేరే దేన్నో వాసన చూస్తున్నప్పుడు నొక్కండి. తల తిప్పి మీవైపు వస్తే అర్థమైనట్టు. రాకపోతే ఇంకో రోజు చేయండి.

ఆ తర్వాత మొదటి విద్య టార్గెట్, అంటే చూపిన పుల్ల కొసను ముక్కుతో తాకడం. ఐస్‌క్రీమ్ పుల్ల కొసకు తెల్ల టేపు చుట్టండి. ఎర్ర టేపు వద్దు, ఎలుక కంటికి ఎరుపు సరిగా ఆనదు. అసలు దాని చూపే అంతంత మాత్రం. గులాబీ కళ్ల తెల్ల ఎలుకలకు ఇంకా తక్కువ, దూరం అంచనా వేయడానికి తల అటూ ఇటూ ఊపుతాయి. కాబట్టి పుల్లను దూరం నుంచి చూపించి లాభం లేదు, మీసాలకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. ముక్కు దానివైపు కదలగానే నొక్కి, తిండి ఇవ్వండి. పుల్లకు తిండి పూయకండి, కొరకడం నేర్చుకుంటుంది. ముందే కొరుకుతుంటే ముక్కు తగలకముందే, దగ్గరికి వస్తుండగానే నొక్కండి. అయినా మానకపోతే పుల్ల బదులు పొడుగు స్టీలు చెంచా కాడ వాడండి.

దూరం పెంచడానికి ఒక లెక్క పాటించండి. పది ప్రయత్నాల్లో ఎనిమిది సరిగా వస్తే ఒక మెట్టు కష్టం చేయండి: 3 సెంటీమీటర్ల నుంచి 5, తర్వాత 10, 20, తర్వాత కుడికి, ఎడమకు. వరసగా రెండు తప్పితే వెనకటి మెట్టుకు దిగండి. దిగడం ఓటమి కాదు, మెట్టు మరీ ఎత్తుగా కట్టామని అర్థం. ఒక విడత మూడు నుంచి ఐదు నిమిషాలు, పన్నెండు పదిహేను ప్రయత్నాలు చాలు. దానికింకా ఆసక్తి ఉండగానే ఆపేయండి. విసుగొచ్చేదాకా చేస్తే మర్నాడు ఆ విసుగుతోనే మొదలవుతుంది.

తిండి ఎక్కడ ఇస్తున్నారో కూడా చూసుకోండి. ఎప్పుడూ మీ కుడిచేతి దగ్గరే ఇస్తే, పుల్ల తాకకముందే సగం ఒళ్లు కుడిచేతి వైపు తిప్పి నిలబడుతుంది. తర్వాతి ప్రయత్నం ఎక్కడ మొదలవ్వాలో అక్కడ తిండి పెట్టండి, ఎలుక తనంతట తానే సరైన చోట నిలబడుతుంది.

టార్గెట్ వచ్చిందంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. పుల్ల చూపి చేతిలోకి, వంటింటి త్రాసు మీది గిన్నెలోకి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే చిన్న బుట్టలోకి నడిపించవచ్చు. వారానికోసారి తూచి రాసి పెట్టండి. ఎదిగిన ఎలుక బరువు పదో వంతు పడిపోతే బయటికి ఏ జబ్బూ కనిపించకపోయినా డాక్టరుకు చూపించాలి.

పేరు పిలిస్తే రావడం తేలిక. పేరు అనండి, చెంచా చూపండి, రాగానే నొక్కి ఇవ్వండి. ఒక్క అడుగు దూరం నుంచి మొదలుపెట్టి గది అంత దూరానికి పెంచండి. రెండింటి పేర్లు దగ్గరగా ఉండకూడదు. బుజ్జి, బుడ్డి అని పెడితే ఎవర్ని పిలిచినా ఇద్దరూ వస్తారు. పేరు పిలిచి రప్పించి పట్టుకుని కేజ్‌లో వేయడం, మందు పోయడం ఎప్పుడూ చేయకండి. పది రోజులు నేర్పినది రెండు సార్లకే పోతుంది.

మందు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, నా దృష్టిలో పెంపుడు ఎలుకకు నేర్పే అన్నిట్లో అతి ముఖ్యమైనది ఇదే. ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్లు. ఆ కొద్ది కాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఊపిరితిత్తుల జబ్బు రావడం చాలా మామూలు, మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి చాలా ఎలుకల్లో ముందే ఉంటుంది. అప్పుడు రోజుకు రెండు పూటలా, వారాల తరబడి మందు పట్టించాలి. అలవాటు లేని ఎలుకను తువాలులో చుట్టి బలవంతంగా పోయాలి. ఊపిరాడని జీవికి అది నరకం. ఆరోగ్యంగా ఉన్నప్పుడే నేర్పండి.

సూది తీసేసిన 1 మి.లీ. సిరంజి తీసుకోండి. మొదటి రోజు కొసకు పెరుగు పూసి నాకించండి. రెండో మూడో రోజు సిరంజిలో పలచటి పెరుగు నింపి, కొస నాకుతుండగా గోరంత వదలండి. మూతి ఎదురుగా కాదు, మూతి పక్క మూల నుంచి. గట్టిగా నొక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాబట్టి ఎలుక మింగే వేగానికే పిస్టన్ కదలాలి. 0.1 మి.లీ. హాయిగా తాగితే 0.2కు పెంచండి. వారం తర్వాత రుచి మార్చండి: ఒకసారి అరటిపండు నీళ్లు, ఒకసారి చప్పటి అన్నం గంజి. ఏ రుచి వచ్చినా తాగడం అలవాటవుతుంది. నిజంగా చేదు మందు ఇవ్వాల్సి వచ్చినప్పుడు ముందు పెరుగు సిరంజి, మధ్యలో మందు, వెనక మళ్లీ పెరుగు. ఈ అభ్యాసం వారానికి రెండుసార్లు జీవితాంతం కొనసాగించండి. మందు, మోతాదు మాత్రం డాక్టరు చెప్పిందే.

మీరడిగిన రింగు ఇప్పుడు. 15 సెంటీమీటర్ల వెడల్పున్న తీగ రింగు నేలకు ఆనించి నిలబెట్టి, అవతల పుల్ల చూపండి. తల దూరితే నొక్కండి, తర్వాత ముందుకాళ్లు, తర్వాత ఒళ్లంతా. నడిచి దాటడం ఖాయమయ్యాక 3 సెంటీమీటర్లు లేపండి, తర్వాత 5, 8. కింద నుంచి దూరిపోతుంటే తొందరపడి లేపారని అర్థం. నున్నటి టైల్స్ మీద ఎగిరితే కాళ్లు జారుతాయి, బొంత గానీ రబ్బరు మ్యాట్ గానీ పరవండి. ఇంట్లో 20 సెంటీమీటర్లు చాలు. ఆడ ఎలుకలు ఇలాంటి గెంతులాటలు ఇష్టపడతాయి. ఎదిగిన మగవి బరువుగా, నెమ్మదిగా ఉంటాయి, వాటికి వస్తువు మోసుకొచ్చే ఆటలు నప్పుతాయి. ఒళ్లో కూర్చోవడం మరీ ఇష్టం.

మాట జోడించడం చివర. రింగు దాటడం పదికి ఎనిమిదిసార్లు వస్తున్నప్పుడు, అది కదలబోయే ముందు 'దూకు' అనండి. పని రాకముందే 'దూకు దూకు' అని నలభైసార్లు అంటే ఆ మాట ఫ్యాను చప్పుడుతో సమానమైపోతుంది.

వస్తువు తెచ్చి గిన్నెలో వేయడం నేర్పాలంటే వెనక నుంచి మొదలుపెట్టండి. కాగితం ఉండ నోట పట్టుకున్న ఎలుక తల గిన్నె మీద ఉన్నప్పుడే నొక్కండి. తిండి కోసం నోరు తెరవగానే ఉండ గిన్నెలో పడుతుంది. అది స్థిరపడ్డాక గిన్నెను ఒక అంగుళం జరపండి, తర్వాత జానెడు. చివరి మెట్టు ముందే తెలిసి ఉంటే ప్రతి అడుగూ తెలిసిన చోటికే నడుస్తుంది. 1937లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్లినీ అనే ఎలుకకు తాడు లాగి, పడిన గోళీని ముందుకాళ్లతో ఎత్తి, గొట్టంలో వేసేలా నేర్పాడు. అది కూడా ఇలా చిన్న చిన్న మెట్లతో సాధించిందే. టాంజానియాలో అపోపో సంస్థ మందుపాతరలు పసిగట్టే ఎలుకలకూ క్లిక్, తిండి పద్ధతిలోనే నేర్పుతుంది. అక్కడ శిక్షణ పొంది కంబోడియాలో పనిచేసిన మగావా అనే ఎలుక 2020లో బంగారు పతకం అందుకుంది. అయితే అవి ఆఫ్రికా పెద్ద సంచి ఎలుకలు, జాతి వేరు, శిక్షణకే తొమ్మిది నెలలు పడుతుంది. మీ వాటిని వాటితో పోల్చకండి.

అన్ని ఎలుకలూ తిండికి లొంగవు. 2019లో బెర్లిన్‌లో ఎలుకలకు దాగుడుమూతలు నేర్పినప్పుడు ఇచ్చిన బహుమతి తిండి కాదు, వేళ్లతో చక్కిలిగింతలు, ఆట. మీ వాటిలో ఒకటి చెంచాను పట్టించుకోక మీ చేతి వెంట పరుగెత్తుతుంటే, నొక్కిన వెంటనే ఐదు సెకన్లు చేత్తో ఆడించండి, అదే దాని జీతం.

ఎప్పుడు ఆపాలో ఒళ్లు చెబుతుంది. పళ్లు మెల్లగా నూరుతూ కళ్లు లోపలికి బయటికి అదురుతుంటే సాధారణంగా హాయిగా ఉన్నట్టు. వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఒళ్లు లావుగా కనిపించినా, కొయ్యబారిపోయినా, తోక కొరడాలా ఆడించినా పాఠం ఆపండి. కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రటి మరక కనిపిస్తే భయపడకండి, అది రక్తం కాదు, పోర్ఫిరిన్ అనే రంగు పదార్థం. కానీ రోజూ కనిపిస్తుంటే ఒత్తిడో, జబ్బో ఉన్నట్టే. మచ్చికైన ఎలుక హఠాత్తుగా కొరికితే నొప్పి ఉందేమో చూపించండి. కొట్టడం, మూతి మీద ఊదడం, అరవడం వల్ల కొరకడం ఆగదు, మీ చెయ్యి భయపెట్టే వస్తువవుతుంది.

కేజ్ బయట పాఠం పెట్టే గదిలో ఎలుకల మందు బిళ్లలు, జిగురు అట్టలు ఎక్కడైనా ఉన్నాయేమో ముందే వెతికి తీసేయండి. బీరువా వెనక నిరుడు పెట్టి మరిచిపోయినవే ఎక్కువ ప్రమాదం. కరెంటు తీగలు పైకి కట్టండి. మూలమూలలా ఉచ్చ చుక్కలు వేయడం మాన్పించలేం, అది వాటి గుర్తు పెట్టుకునే తీరు. పెంటికలు మాత్రం ఒక ట్రేలో వేయడం నేర్చుకుంటాయి, అవి ఎంచుకున్న మూలలోనే ట్రే పెడితే.

రెండింటికీ విడివిడిగా నేర్పండి. ఒకటి మీ దగ్గరుంటే రెండోది కేజ్‌లో చల్లిన గింజలు ఏరుకుంటూ ఉంటుంది. పాఠం సులువవుతుందని ఒక్కదాన్నే పెంచాలనుకోకండి, తోడు లేని ఎలుక దిగులుపడుతుంది. ఒకటి వారంలో టార్గెట్ నేర్చుకుని, రెండోది ఇంకా గూట్లోంచి మూతి మాత్రమే బయటపెడుతుంటే, చొరవ ఉన్నదాని పాఠం కేజ్ తలుపు ఎదురుగా, రెండోదానికి కనిపించేలా, వాసన అందేలా పెట్టండి. అయిపోయాక తలుపు గడప మీద ఒక చెంచా పెరుగు ఉంచి, చెయ్యి తీసేసి రెండడుగులు వెనక్కి జరిగి కూర్చోండి.